కతోలిక విచారణలో (పారిష్‌లో) సంఘజీవితం, విశ్వాసుల సేవలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది 280 కుటుంబాల విచారణ, దాని కిందికి వచ్చే పక్క ఊళ్లుగా మూడు సబ్‌స్టేషన్లు. కొత్తగా మిమ్మల్ని పారిష్ కౌన్సిల్ సెక్రటరీగా పెట్టారు. ఆదివారం పూజకు గుడి నిండుతుంది, పూజ అయిన పది నిమిషాలకల్లా ఆవరణ ఖాళీ. బైబిలు పఠనం చదివేదీ, పాట ఎత్తేదీ, కానుకల పళ్లెం పట్టేదీ, పండక్కి చందాలు వసూలు చేసేదీ ఆ ఎనిమిది మందే. ఎన్ని కమిటీలు వెయ్యాలి, ఎవరెవర్ని పెట్టాలి అని అడిగారు.

నేను రిటైరైన బడి టీచర్ని. గుంటూరు జిల్లాలో ఒక పల్లె విచారణలో ఇరవై ఏడేళ్లుగా పిల్లలకు సత్యోపదేశం (మతపాఠాలు) చెబుతున్నాను. రెండు విడతలు కౌన్సిల్లో పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ ఏడాదికి కమిటీలు వెయ్యకండి.

మేమూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాం. ఒక ఆగమన కాలం (క్రిస్మస్ ముందు వారాలు) మొదటి ఆదివారం పూజ చివర తొమ్మిది కమిటీల పేర్లు మైకులో చదివారు. ఆరాధన కమిటీ, యువత కమిటీ, స్త్రీల కమిటీ, పారిశుద్ధ్య కమిటీ, ఇలా ఒక్కోదానికి ఏడుగురు. పేర్లొచ్చిన వాళ్లను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. తపస్కాలం (ఈస్టర్ ముందు నలభై రోజులు) వచ్చేసరికి రెండే రెండు కమిటీలు ఒక్కసారన్నా కూర్చున్నాయి. మిగతా ఏడింటికీ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, వాళ్లకూ తోచలేదు. వాళ్లు సోమరులు కాదు. తెల్లారి ఐదింటికి లేచి పొలానికి పోయే మనుషులు. ఎవరి కోసం చెయ్యాలో కళ్లెదుట కనిపించని పనికి మనిషి ఎలా కదులుతాడు? ఇంకో నష్టమూ జరిగింది. అంతకుముందు ఎవరూ పిలవకుండానే శనివారం వచ్చి గుడి ఊడ్చే ఇద్దరు ఆడవాళ్లు రావడం మానేశారు. పారిశుద్ధ్య కమిటీలో వాళ్ల పేర్లు లేవు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి మొదటి ఆరు వచనాలు నెమ్మదిగా చదవండి. యెరూషలేములో శిష్యుల సంఖ్య పెరుగుతోంది. రోజూ భోజనం పంచేచోట గ్రీకు భాష మాట్లాడే వాళ్లలోని విధవరాండ్రను పట్టించుకోవడం లేదని సణుగుడు పుట్టింది. పన్నెండుగురు అపొస్తలులూ ఆ సణుగుడును అణచలేదు. అందర్నీ పిలిచి, మీలో మంచిపేరున్న ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు. స్తెఫాను, ఫిలిప్పు, మిగతా ఐదుగురూ అలా వచ్చారు. ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందో ఆ వైపు వాళ్ల చేతికే పంచే పని అప్పగించినట్టు కనిపిస్తుంది. నేను ఇన్నేళ్లూ పట్టుకుని నడిచింది ఈ ఆరు వచనాలనే. శ్రీసభలో, అంటే మన కతోలిక సంఘంలో, ఆ సేవ ఒక ఫిర్యాదులోంచి పుట్టింది. మీ విచారణలో కూడా ఫిర్యాదులకు కొదవ ఉండదు. ‘మా అమ్మ మంచం పట్టి ఏడాదైంది, ఒక్కరూ తొంగిచూడలేదు.’ ‘పిల్లోడి జ్ఞానస్నానం సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు తిరిగాం.’ ‘చావింటికి ఫాదర్ గారు వచ్చి వెళ్లారు, ఆ తర్వాత మా మొహం చూసినవాళ్లు లేరు.’ ఇలాంటివి వినపడినప్పుడు జవాబు చెప్పకండి, సమర్థించుకోకండి. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. మూడు నెలల్లో మీ విచారణకు ఏ సేవలు కావాలో ఆ పుస్తకమే చెబుతుంది.

మరి ఆ సణుగుడు ఎక్కడ వినపడుతుంది? గుడిలో వినపడదు, ఇంటి అరుగు మీద వినపడుతుంది. అందుకే ముందు వాడలవారీ చిన్న సమాజాలు కట్టుకోండి అంటాను. పది పదిహేను ఇళ్లు ఒక సమాజం. మీ 280 కుటుంబాలకు సుమారు ఇరవై నుంచి ఇరవై ఎనిమిది వరకూ వస్తాయి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టాలని చూడకండి, మేము మూడింటితో మొదలుపెట్టాం. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పాపుగారు (పోప్) ఆరవ పౌలు 1975లో సువార్త ప్రచారం మీద రాసిన లేఖలో చిన్న క్రైస్తవ సమాజాల గురించి వివరంగా రాశారు. ఆసియా పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో కూర్చుని, మన శ్రీసభ చిన్న సమాజాల కలయికగా ఉండాలని చెప్పింది. బొంబాయి విచారణల్లో 1980ల నుంచే ఇవి నడుస్తున్నాయి.

కూర్చున్నప్పుడు ఏం చెయ్యాలన్నది అసలు ప్రశ్న. జపమాల చెప్పి, రెండు పాటలు పాడి, బిస్కెట్లు తిని లేస్తే అది ఆరు నెలలు కూడా నిలవదు. మేము ఏడు మెట్ల పద్ధతి పట్టుకున్నాం. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థలో తయారై ఆసియా అంతా వ్యాపించిన పద్ధతి ఇది. మొదట ప్రభువును మన మధ్యకు పిలుచుకోవడం. తర్వాత వచ్చే ఆదివారం సువిశేషం, అంటే ఆ రోజు పూజలో చదివే సువార్త భాగం, చదవడం. మూడోది, మనసుకు తగిలిన మాటనో వాక్యాన్నో ఎవరికి వారు పైకి పలకడం. నాలుగోది కొన్ని నిమిషాల మౌనం. ఐదోది, ఆ మాట తన బతుకులో ఎక్కడ తగిలిందో చెప్పుకోవడం. ఆరోది, ఈ వాడలో మనం ఏం చెయ్యాలి, ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు. ఏడోది ఎవరికి తోచిన ప్రార్థన వారు చేసి ముగించడం. ప్రసంగం ఉండదు. ఎవరి మాటకూ ఎవరూ ఎదురు చెప్పకూడదు. చదువురాని వాళ్లు కూడా మూడో మెట్టులో ఒక మాట పలకగలరు, ఒకసారి నోరు విప్పిన మనిషి తర్వాతి వారం తప్పకుండా వస్తాడు.

చాలాచోట్ల ఆరో మెట్టు దాటేస్తారు. టైమైపోయిందనో, ఇబ్బందిగా ఉందనో ఐదు నుంచి నేరుగా ఏడుకు పోతారు. అలా దాటేసిన సమాజం ప్రార్థన కూటంగానే మిగులుతుంది, దానిలోంచి సేవ పుట్టదు. మాకు ఆ సంగతి ఒక రాత్రి తెలిసింది. మిరపకాయల కోతల కాలం. ఆడవాళ్లు కూలికి పోయొచ్చి, వంటలు చేసి, ఎనిమిదిన్నరకు గానీ కూర్చోలేకపోయారు. సువిశేషం, పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దింపిన ఘట్టం. ఒకామె ‘నలుగురు’ అన్న మాట పట్టుకుని మూడుసార్లు పలికింది. ఆరో మెట్టు దగ్గర అందరూ నేల చూపులు చూస్తుంటే ఆమే మళ్లీ, ‘మన వీధి చివరి అవ్వను ఎవరం చూశాం?’ అంది. ఎవరమూ చూడలేదు. మర్నాడు నలుగురం వెళ్లాం. తుంటి ఎముక విరిగి పద్నాలుగు నెలలుగా మంచంలో ఉంది. కొడుకు హైదరాబాదులో సెక్యూరిటీ గార్డు, కోడలు కూలికి పోతుంది. అవ్వ మమ్మల్ని చూసి మొదట అడిగింది మందు కాదు, డబ్బు కాదు. ‘అమ్మా, నాకు సత్ప్రసాదం ఎవరిస్తారు?’

పూజలో పంచే ఆ పవిత్రమైన అప్పం కోసమే ఆమె అడిగింది. అక్కడ పుట్టింది మా విచారణలో మొదటి సేవ. ఫాదర్ గారికి నాలుగు ఊళ్లు, రెండు స్కూళ్లు. మంచంలో ఉన్నవాళ్ల దగ్గరికి ప్రతి వారం రావడం ఆయనకు సాధ్యం కాదు. 1973 నుంచి శ్రీసభ అవసరమైనచోట గృహస్థులను (మామూలు విశ్వాసులను) కూడా దివ్యసత్ప్రసాద సేవకులుగా నియమించడానికి దారి ఇచ్చింది. దీనికి మేత్రాసనం (బిషప్పు గారి పరిధి) నియమాల ప్రకారం అనుమతి కావాలి, శిక్షణ కావాలి. ఎవరికి వారు మొదలుపెట్టే పని కాదు. మేము ముందు ఆ వీధిలో, పక్క వీధుల్లో మంచంలో ఉన్నవాళ్ల జాబితా రాశాం. పదకొండు మంది తేలారు. ఆ పదకొండు పేర్లున్న కాగితం ఫాదర్ గారి చేతిలో పెట్టాం. ఏ చట్టం సంఖ్యా, ఏ పత్రమూ చూపించలేదు. ఆయన కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు. రెండు నెలల్లో ముగ్గురికి శిక్షణ ఏర్పాటు చేయించారు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్.

ఈ సేవలో చిన్న చిన్న సంగతులే ముఖ్యం. ఆదివారం పూజ నుంచి సత్ప్రసాదం చిన్న మూతడబ్బీలో తీసుకుని తిన్నగా ఆ ఇంటికే పోవాలి. దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగి మాట్లాడకూడదు. ముందురోజే కబురు పంపితే మంచం పక్కన చిన్న బల్ల, తెల్లగుడ్డ, ఒక కొవ్వొత్తి, గ్లాసుడు నీళ్లు సిద్ధంగా ఉంచుతారు. ఆ ఆదివారం సువిశేషం నాలుగు వాక్యాలు చదివి వినిపించండి, ఫాదర్ గారు ప్రసంగంలో చెప్పిన మాట ఒకటి చెప్పండి. అప్పుడు ఆ మనిషి పూజకు వచ్చినట్టే. ఇంకొక్క మాట. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం ముసలివాళ్లకూ, రోగులకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ వర్తించదు. ఇది చాలామందికి తెలియదు. మా జాబితాలో ఒక పెద్దాయన షుగర్ మనిషి. మేము పదకొండింటికి వస్తామని తెలిసి పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చునేవాడు. నాలుగు వారాల తర్వాత గానీ మాకు తెలియలేదు. వెంటనే ఆ ఇంటికెళ్లి, తాతా, టిఫిన్ తిని మందు వేసుకుని ఉండు, ప్రభువు ఏమీ అనుకోడు అని చెప్పాం. మీ సేవకులకు మొదటి రోజే ఈ మాట నేర్పండి.

ఇప్పుడొక కష్టమైన విషయం. మీరు అడగలేదు గానీ చెప్పకపోతే నా జవాబు సగమే. మన ఊళ్లలో వీధి అంటే కులం. పదిహేను ఇళ్లు కలిపి సమాజం అన్నామంటే తెలియకుండానే కులానికో సమాజం కట్టినట్టే. నేను పల్లెలో, అంటే ఊరి పక్క దళితవాడలో, పుట్టినదాన్ని. నా చిన్నప్పుడు గుడిలో ఎవరు ముందు వరసలో, ఎవరు వెనక అన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. బలిపీఠం దగ్గర ఒకే రొట్టె తీసుకుని, బయటికొచ్చాక ఎవరి దారి వారిది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారత మీద ఒక విధానపత్రమే విడుదల చేసింది. శ్రీసభ లోపల ఉన్న వివక్షను అందులో దాచిపెట్టలేదు. అది మీ కౌన్సిల్లో ఒకసారి అందరూ కలిసి చదవండి.

మేము చేసింది ఇది. ప్రతి మూడో కూటం రెండు వీధుల సమాజాలు కలిసి కూర్చోవాలి, ఒకసారి ఈ వైపు ఇంట్లో, ఇంకోసారి ఆ వైపు ఇంట్లో. మొదటిసారి ఊళ్లో ఒక రైతు ఇంట్లో కూర్చున్నాం. పల్లె నుంచి తొమ్మిది మందిమి వెళ్లాం. కొందరు అరుగు దగ్గరే ఆగిపోయారు. ఆ ఇంటావిడ బయటికొచ్చి, లోపల చాప వేశాను రండి అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. చివర టీ ఇచ్చింది. అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు, ఆ ఇంటివాళ్లు రోజూ తాగే గ్లాసులు. కాగితం కప్పులు తెచ్చుంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆ రాత్రి మా పల్లెలో అందరూ మాట్లాడుకున్నది సువిశేషం గురించి కాదు, ఆ గ్లాసుల గురించి. ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయని చెప్పను. రెండు కుటుంబాలు కలిసి కూర్చోవడం ఇష్టంలేక సమాజానికే రావడం మానేశాయి. వాటిలో ఒకటి తిరిగొచ్చింది, ఒకటి ఇప్పటికీ రాలేదు. అయినా ఆ నియమం మేము సడలించలేదు. మీరూ సడలించకండి. సత్ప్రసాద సేవకులను ఎంచేటప్పుడు కూడా ఇదే చూసుకోండి. పల్లెలోని సేవకురాలు ఊళ్లో మంచంలో ఉన్నవాళ్లకు సత్ప్రసాదం ఇవ్వాలి, ఊళ్లోని సేవకుడు పల్లెకు రావాలి. మొదట్లోనే అలా పెట్టుకుంటే అది అలవాటవుతుంది. తర్వాత మార్చాలంటే గొడవవుతుంది.

పఠన సేవ గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఆదివారం పొద్దున గుడి మెట్ల మీద ఎవరు కనిపిస్తే వాళ్ల చేతిలో పుస్తకం పెట్టడం మన దగ్గర మామూలు. చదువుకున్న కుర్రాళ్లు కూడా పౌలు గారి లేఖల్లో ఆ పొడుగు వాక్యాల మధ్య ఊపిరి అందక తడబడతారు. వినేవాళ్లకు ఒక్క ముక్క మిగలదు. మేము శనివారం సాయంత్రం ఐదున్నరకు ఖాళీ గుడిలో సాధన పెట్టాం. చదవబోయే మనిషి మైకు దగ్గర, ఇంకొకరు ఆఖరి బెంచీలో. వెనక కూర్చున్న మనిషికి అర్థమైందాకా చదవాలి. పెన్సిలుతో ఊపిరి ఆపే చోట చిన్న గీత పెట్టుకోవాలి. మెల్కీసెదెకు, నెబుకద్నెసరు లాంటి పేర్లు ముందే పలికి చూసుకోవాలి. ఈ సాధనలో మాకు దొరికిన మంచి చదువరి ఏడో తరగతి చదివిన కూలిపని ఆవిడ. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇంట్లో ఇరవైసార్లు చదివి వస్తుంది, కాబట్టి ఆమెకు ముందు అర్థమవుతుంది, తర్వాత మనకు అర్థమవుతుంది. ఆమె యిర్మీయా ప్రవక్త పఠనం చదివిన రోజు గుడిలో చంటిపిల్లలు తప్ప ఎవరూ కదల్లేదు. 1972లో ఆరవ పౌలు పాపుగారు పఠన సేవ, పీఠసేవ (బలిపీఠం దగ్గర సాయం) గృహస్థులకు ఇవ్వవచ్చన్నారు గానీ, అధికారికంగా పురుషులకే పరిమితమై ఉండేది. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పాపుగారు ఆ నియమం మార్చి స్త్రీలకూ తెరిచారు. అదే ఏడాది మే నెలలో ఉపదేశి (విశ్వాసం నేర్పే గృహస్థుడు) పనిని కూడా ఒక స్థిరమైన సేవగా గుర్తించారు. ఈ రెండో మాట విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. గురువులు (ఫాదర్లు) నెలకోసారి గుర్రం మీదో ఎడ్లబండి మీదో వచ్చే రోజుల్లో తెలుగు పల్లెల్లో విశ్వాసాన్ని నిలబెట్టింది ఉపదేశులే. పిల్లలకు జపాలు నేర్పిందీ, చనిపోయేవాళ్ల పక్కన కూర్చున్నదీ, ఆదివారం వాక్యం చదివిందీ వాళ్లే. మీ సబ్‌స్టేషన్లలో ముసలి ఉపదేశులు ఎవరన్నా బతికుంటే ముందు వాళ్ల దగ్గరికెళ్లి కూర్చోండి. ఏ ఇంట్లో ఎవరికి ఎప్పుడు జ్ఞానస్నానం అయిందో, ఏ రెండు కుటుంబాలు ఎందుకు మాట్లాడుకోవో వాళ్లకు తెలిసినంత మీ రిజిస్టర్లకు కూడా తెలియదు.

మిగతా సేవలు తొందరగా చెప్పేస్తాను. మరణం జరిగిన ఇంటికి మొదటి మూడు రోజులు సమాజం వాళ్లు వంట చేసి పంపాలి, నెలరోజుల తర్వాత మళ్లీ ఒకసారి వెళ్లి కూర్చోవాలి. ఆ రెండోసారి వెళ్లడమే జనం గుర్తుంచుకుంటారు. గాయక బృందంలో నలుగురైదుగురు గొప్పగా పాడటం కంటే జనమంతా అందుకునే పాటలు ఎంచుకోవడం మేలు. దరఖాస్తుల సేవ మాకు అనుకోకుండా పుట్టింది. పింఛన్లు, స్కాలర్‌షిప్పులు, బీసీ-సీ (క్రైస్తవంలోకి మారిన ఎస్సీల కోటా) సర్టిఫికెట్ల కోసం తిరగలేక అల్లాడేవాళ్ల పేర్లు నోటుపుస్తకంలో పదేపదే వచ్చాయి. డిగ్రీ చదివిన ఇద్దరు పిల్లలు ఆదివారం పూజ తర్వాత గంటసేపు చెట్టుకింద బల్ల వేసుకుని ఫారాలు నింపుతారు. దాన్ని కూడా విచారణ సేవగానే లెక్కపెట్టండి, పూజలో వాళ్లకోసం ప్రార్థించండి. మరియదళం, విన్సెంట్ డి పాల్ సభ లాంటి విశ్వాసుల సంఘాలు మీ దగ్గర ఇప్పటికే ఉంటే వాటికి పోటీగా ఏదీ పెట్టకండి. విన్సెంట్ డి పాల్ సభ 1833లో పారిస్‌లో మొదలైనప్పటి నుంచీ పేదల ఇళ్లకు వెళ్లడమే వాళ్ల పద్ధతి. వాళ్లకున్న అలవాటు మీకు అక్కరకొస్తుంది.

యువత రావడం లేదన్నారు. డిసెంబరులో కేరల్స్‌కు వస్తారు కదా? రాత్రి ఒంటిగంట దాకా ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక ఏడాది మేము వాళ్ల చేతికి నోటుపుస్తకం ఇచ్చాం. పాట అయ్యాక ఆ ఇంట్లో మూడు ప్రశ్నలు అడిగి రాసుకురమ్మన్నాం. మంచంలో ఎవరన్నా ఉన్నారా, జ్ఞానస్నానం కానివాళ్లు ఉన్నారా, పనికోసం వేరే ఊరు పోయినవాళ్లు ఎవరు. పది రాత్రుల్లో ఎన్నడూ లేనంత సరైన కుటుంబ రిజిస్టరు తయారైంది. అంతకన్నా ముఖ్యమైంది, ఆ పిల్లలు అప్పటిదాకా పాటలు పాడి కానుక తీసుకుని వెళ్లిపోయిన ఇళ్ల లోపలికి చూశారు. జనవరిలో వాళ్లలో ఆరుగురు తమంతట తామే వచ్చి, ఆ ముసలివాళ్లకు మందులు తెచ్చిపెట్టే పని మేము చేస్తాం అన్నారు.

కౌన్సిల్ సంగతికి వస్తాను. శ్రీసభ చట్టంలో 536వ నియమం పారిష్ కౌన్సిల్ గురించి, 537వది ఆర్థిక సంఘం గురించి చెబుతాయి. ఆర్థిక సంఘం ప్రతి విచారణలోనూ ఉండి తీరాలి. పారిష్ కౌన్సిల్ మాత్రం పీఠాధిపతులు తగునని తలచినచోట ఏర్పడుతుంది, విచారణ గురువుల అధ్యక్షతన నడుస్తుంది, సలహా ఇవ్వడం వరకే దాని అధికారం. ఈ మాట విని చాలామంది చల్లబడిపోతారు. సలహాయే కదా, మనం చెప్పి ఏం లాభం అంటారు. నేనలా చూడను. పదకొండు పేర్ల కాగితం కూడా సలహాయే. వీధుల నుంచి వచ్చిన నిజమైన సంగతి బల్ల మీద పెడితే ఏ గురువూ తోసేయడం నేను చూడలేదు. ఆలస్యం చేస్తే చేస్తారు. రెండో వాటికన్ మహాసభ 1964లో శ్రీసభ గురించి రాసిన పత్రంలో దైవప్రజ గురించిన అధ్యాయాన్ని ముందు పెట్టి, పీఠాధిపతుల, గురువుల అధికారం గురించిన అధ్యాయాన్ని దాని తర్వాత పెట్టింది. జ్ఞానస్నానం అందరికీ ఒకటే, ఆ తర్వాతే ఎవరి పిలుపు వారిది. ఇది మనసులో పెట్టుకుంటే మీరు ఫాదర్ గారి ముందు భయపడనక్కర్లేదు, ఎదురు తిరగనూ అక్కర్లేదు.

డబ్బు విషయంలో మాత్రం మొదటి నెల నుంచే గట్టిగా ఉండండి. కానుకలు పూజ కాగానే ముగ్గురు కలిసి అక్కడే లెక్కపెట్టి పుస్తకంలో రాసి సంతకాలు చెయ్యాలి. ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లూ, ఒకే వీధివాళ్లూ కాకూడదు. నెలాఖరున జమాఖర్చు నోటీసు బోర్డు మీద అంటించాలి. మా దగ్గర ఇది మొదలయ్యాక చందాలు అడిగేవాళ్లకు మాటపడటం తప్పింది.

గురువుల బదిలీ గురించి కూడా ఆలోచించుకోండి. మీ ఫాదర్ గారు మంచివారు, ప్రోత్సహిస్తున్నారు అన్నారు, సంతోషం. కానీ నాలుగైదేళ్లలో వేరే వారు రావచ్చు. మాకు రెండోసారి వచ్చిన గురువుకు ఈ వీధి కూటాలు మొదట్లో నచ్చలేదు. మేము వాదించలేదు. ఒక కూటానికి వచ్చి చాప మీద కూర్చోమని, ఏమీ మాట్లాడనక్కర్లేదని అడిగాం. ఐదో మెట్టులో ఒక తాగుడు మానిన మనిషి చెప్పుకున్నది విని ఆయన వెళ్లిపోయారు. తర్వాతి నెల నుంచి ఆయనే కూటం తేదీలు పూజలో చదివేవారు. మీ పని గురువుల ఇష్టం మీదే నిలబడి ఉంటే బదిలీతో కూలిపోతుంది. వాడల్లో వేళ్లూనుకుని ఉంటే నిలుస్తుంది. అందుకే ప్రతి సేవకూ మూడేళ్ల గడువు పెట్టండి. రెండో ఏడాదిలోనే పక్కన ఇంకొకరిని నేర్చుకోవడానికి కూర్చోబెట్టండి. ఆ ఎనిమిది మందికి కూడా ఈ మాట ప్రేమగా చెప్పండి. వాళ్లను తప్పించకండి, ఇన్నేళ్లు మోసింది వాళ్లే. ఒక్కొక్కరూ ఒక్కొక్కరికి తమ పని నేర్పిస్తే అది వాళ్లకూ గౌరవంగా ఉంటుంది.

మీ ప్రశ్న చివర, మనవాళ్లు వేరే ప్రార్థన మందిరాలకు పోతున్నారు, ఎలా ఆపాలి అని ఒక వాక్యం రాశారు. నేను అలా వెళ్లిన తొమ్మిది ఇళ్లకు వెళ్లి అడిగాను. సిద్ధాంతం గురించి మాట్లాడింది ఒక్కరే. మిగతా ఎనిమిది ఇళ్లలో ఒకటే మాట, ‘మాకు జబ్బు చేసినప్పుడు వాళ్లు ఇంటికొచ్చి పక్కన కూర్చుని ప్రార్థన చేశారు’. నాకు వాళ్లమీద కోపం రాలేదు. ఆ పాస్టరు గారి మీద కూడా రాలేదు. ఆ ఎనిమిది ఇళ్లూ మా నోటుపుస్తకంలో ఉండి ఉండాల్సిన పేర్లు.

ఇక ఈ నెలలో మీరు చెయ్యాల్సింది. మూడు సబ్‌స్టేషన్లలో చిన్నదాన్ని ఎంచుకోండి. అక్కడి ఉపదేశి గారినో, అందరూ గౌరవించే పెద్దమ్మనో తోడు తీసుకుని పదిహేను ఇళ్లకు వెళ్లండి. పుస్తకం తెరవకుండా వినండి, ఇంటికొచ్చాక రాసుకోండి. ఆ తర్వాత మొదటి కూటం పెట్టండి. మీ ఫాదర్ గారికి ముందే చెప్పి, ఆశీర్వాదం తీసుకుని మొదలుపెట్టండి. మీ వైపు కోతలు ఎప్పుడు పూర్తవుతాయి, ఆడవాళ్లు రాత్రి ఎన్నింటికి తీరిగ్గా ఉంటారో కనుక్కుని ఇక్కడే రాయండి. ఏడు మెట్లకు మేము తయారుచేసుకున్న కాగితం ఒకటి ఉంది, పెద్ద అక్షరాల్లో రాయించాను. మీ కూటం రోజు, వేళ తెలిస్తే దాన్ని మీకు తగ్గట్టు మార్చి పంపిస్తాను.